ఒకే పాట, రెండు రూపాలు: సింగిల్ వెర్షన్‌ని ఆల్బమ్ వెర్షన్‌తో పోల్చి వినడం ఎలా?

పాత రాక్ పాటలు వినేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది: ఒకే పాట సింగిల్‌గా (విడిగా ఒక్క పాటగా వచ్చిన రికార్డుగా) ఒకలా, ఆల్బమ్‌లో ఇంకోలా వినిపిస్తోంది, తేడా నిజంగా ఉందా, లేక నా చెవులు మోసం చేస్తున్నాయా?

తేడా చాలాసార్లు నిజమే. కానీ మనకి వినపడే తేడాలన్నీ వెర్షన్‌వి కావు. కొన్ని రీమాస్టర్ (పాత రికార్డింగ్‌ని మళ్లీ శుభ్రం చేయడం) తెచ్చినవి, కొన్ని వాల్యూమ్ తెచ్చినవి, కొన్ని ఫోన్‌లోని ఏదో సెట్టింగ్ తెచ్చినవి. వాటిని ముందుగా ఏరి పక్కన పెడితే తప్ప అసలు తేడా తేలదు. అందుకే ఇక్కడ పాట వినడం కన్నా ముందు ఏర్పాట్ల గురించే ఎక్కువ రాశాను. ఓపిక పట్టండి.

నమూనాగా బీటిల్స్ ‘లెట్ ఇట్ బీ’ తీసుకుంటున్నాను. రెండు వెర్షన్లూ సులువుగా దొరుకుతాయి, రెండూ ఒకే టేక్ (ఒకసారి వాయించిన రికార్డింగ్) మీద కట్టినవి, అయినా తేడాలు కొత్త చెవికి కూడా అందుతాయి. అవసరమైన చోట వేరే పాటలూ వస్తాయి. మీకు నచ్చిన పాట ఏదైనా దశలు మాత్రం ఇవే.

1. ముందు అది ఏ రకం తేడానో తేల్చుకోండి

సింగిల్‌కీ ఆల్బమ్‌కీ మధ్య తేడా సాధారణంగా ఈ నాలుగు రకాల్లో ఒకటి. ఏ రకమో తెలిస్తే దేనికోసం వినాలో తెలుస్తుంది.

కోత: రికార్డింగ్ ఒకటే, సింగిల్ కోసం మధ్యలో ముక్క తీసేశారు. డోర్స్ ‘లైట్ మై ఫైర్’ 1967లో వచ్చిన ఆల్బమ్‌లో దాదాపు 7 నిమిషాలు. సింగిల్ 3 నిమిషాల లోపే. పోయినదంతా ఆర్గన్, గిటార్ సోలోలే. సినిమాలో ఒక చరణం ఎగిరిపోయి క్యాసెట్‌లో మాత్రం ఉండటం మనకి అలవాటే కదా, ఇది అచ్చంగా అదే.

వేరే మిక్స్: అసలు టేక్ ఒకటే, కానీ ఏ వాయిద్యం ఎంత వినపడాలి, ఏ సోలో ఉంచాలి అన్నది మారింది. ‘లెట్ ఇట్ బీ’ ఈ రకం.

వేరే రికార్డింగ్: పాటే మళ్లీ వాయించారు. బీటిల్స్ ‘రెవల్యూషన్’ సింగిల్, 1968 ‘వైట్ ఆల్బమ్’లోని ‘రెవల్యూషన్ 1’ రెండూ వేర్వేరు రికార్డింగులు. ఒకటి వేగంగా, గిటార్లు చీల్చుకుంటూ సాగుతుంది. రెండోది నింపాదిగా ఊగుతుంది.

మొదలు, చివర మార్పు: పింక్ ఫ్లాయిడ్ ‘అనదర్ బ్రిక్ ఇన్ ది వాల్, పార్ట్ 2’ ఆల్బమ్‌లో ముందు పాటలోంచి ఆగకుండా వచ్చేస్తుంది. 1979 సింగిల్‌కి అలా కుదరదు కాబట్టి మొదట్లో కొన్ని బార్ల (తాళం ఆవర్తాల) వాయిద్యం చేర్చారు. చివర గిటార్ సోలో నడుస్తుండగానే ఫేడ్ చేసేశారు.

ఎందుకు కోసేవారో ఒక్క మాటలో: 7 అంగుళాల 45 ఆర్‌పీఎం (నిమిషానికి 45 చుట్లు తిరిగే) రికార్డు మీద నిమిషాలు పెరిగేకొద్దీ గాడులు ఇరుకవుతాయి, శబ్దం తగ్గించి చెక్కాల్సి వస్తుంది. దానికి తోడు రేడియోవాళ్లు 3 నిమిషాలు దాటిన పాట వేయడానికి ఇష్టపడేవారు కాదు.

2. సరైన కాపీలు పట్టుకోండి

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. యాప్‌లో పాట పేరు కొట్టి, పైన వచ్చిన రెండిటినీ పోల్చేస్తారు. ఆ రెండూ ఒకే వెర్షన్ కావచ్చు, లేదా రెండిట్లో ఏదీ అసలు సింగిల్ కాకపోవచ్చు.

‘లెట్ ఇట్ బీ’ సంగతే చూడండి. సింగిల్ 1970 మార్చి 6న బ్రిటన్‌లో వచ్చింది, ఆపిల్ ఆర్ 5833 నంబరుతో. దాని మీద నిర్మాతగా జార్జ్ మార్టిన్ పేరు ఉంది. ఆల్బమ్ అదే ఏడాది మే 8న వచ్చింది, దాన్ని చివరికి కూర్చింది నిర్మాత ఫిల్ స్పెక్టర్. ఇంతవరకూ తికమక లేదు. ఇప్పుడు యాప్ తెరవండి. ‘1’ అనే సంకలనంలో ఈ పాట ఉంటుంది. అది 2000లో వచ్చినప్పుడు సింగిల్ మిక్సే, కానీ 2015లో మళ్లీ వేసినప్పుడు మొత్తం కొత్తగా మిక్స్ చేశారు. ఆల్బమ్‌కీ 2021లో కొత్త మిక్స్ వచ్చింది. 2015 మిక్స్‌నీ 2021 మిక్స్‌నీ పక్కపక్కన పెట్టి “సింగిల్‌లో డ్రమ్స్ బాగున్నాయి” అనడంలో అర్థం లేదు. మీరు విన్నది ఈ కాలపు ఇంజనీర్ల పని, 1970 నాటిది కాదు.

కాబట్టి ఈ పాటకి నా ఎంపిక ఇది. సింగిల్ కోసం ‘పాస్ట్ మాస్టర్స్’ సంకలనం, 2009 రీమాస్టర్. ఆల్బమ్ కోసం ‘లెట్ ఇట్ బీ’, అదీ 2009 రీమాస్టరే. రెండూ ఒకే ఏడాది, ఒకే పనిలో భాగంగా తయారైనవి. అప్పుడు మిగిలే తేడా ఎక్కువ భాగం వెర్షన్‌దే అవుతుంది.

మీ పాటకి కాపీ వెతికేటప్పుడు పేరు పక్కన ఉండే ముక్కని చదవండి. “సింగిల్ వెర్షన్”, “రేడియో ఎడిట్”, “మోనో” అంటే వెర్షన్ గురించి చెబుతున్నట్టు. “రీమాస్టర్” అంటే పాత మిక్స్‌నే మళ్లీ శుభ్రం చేసినట్టు. “2015 మిక్స్”, “రీమిక్స్” అంటే టేపుల దగ్గరికి వెళ్లి కొత్తగా కలిపినట్టు. ఏమీ రాయకపోతే అది ఆల్బమ్‌దే అనుకోకండి. సంకలనాల్లో ఏది పెట్టారో ఒక్కోసారి రాయరు.

అనుమానం వస్తే రికార్డుల వివరాలుండే డిస్కాగ్స్ సైట్‌లో పాత 45 రికార్డు పేజీ తీసి లేబుల్ ఫోటో, కేటలాగ్ నంబరు, నిడివి చూడండి. నిడివిని మాత్రం గుడ్డిగా నమ్మొద్దు. ఇందాక చెప్పిన ఫిల్ స్పెక్టరే 1964లో రైటియస్ బ్రదర్స్ పాడిన ‘యూవ్ లాస్ట్ దట్ లవిన్ ఫీలిన్’ 3:45 నడుస్తుంటే, రేడియోవాళ్లు భయపడకుండా లేబుల్ మీద 3:05 అని అచ్చు వేయించాడు.

ఇంకో చిక్కు: “అసలు సింగిల్” అన్నదే ఒక్కోసారి రెండు ఉంటాయి. 1962 అక్టోబర్‌లో వచ్చిన బీటిల్స్ ‘లవ్ మీ డూ’ మొదటి సింగిల్‌లో డ్రమ్స్ వాయించింది వాళ్ల డ్రమ్మర్ రింగో. ఆల్బమ్‌లో ఉన్నది ఆండీ వైట్ అనే స్టూడియో డ్రమ్మర్ వాయించిన రికార్డింగ్, అందులో రింగో చేతికి టాంబరీన్ ఇచ్చారు. తర్వాత సింగిల్‌ని మళ్లీ అచ్చు వేసినప్పుడు ఆండీ వైట్‌దే వాడారు. అంటే చేతిలో 45 రికార్డు ఉన్నంత మాత్రాన రింగో వెర్షన్ ఉన్నట్టు కాదు. గుర్తుపట్టడం తేలిక: టాంబరీన్ వినపడితే ఆండీ వైట్, వినపడకపోతే రింగో.

ఆల్బమ్ వైపూ ఇలాంటిది ఉంది. డైర్ స్ట్రెయిట్స్ 1985 ఆల్బమ్ ‘బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్’ ఎల్.పి.లో ‘మనీ ఫర్ నథింగ్’ సుమారు 7 నిమిషాలు, సీడీలో దాదాపు ఎనిమిదిన్నర. ఎల్.పి.లో చోటు చాలక తగ్గించారు. కాబట్టి “ఆల్బమ్ వెర్షన్” అని రాసుకునేటప్పుడు ఏ రూపంలోదో కూడా రాయండి.

పాత రికార్డులతోనే పోల్చేవాళ్లకి ఒక మాట. మన దేశంలో దొరికే పాత ఇంగ్లిష్ రాక్ రికార్డుల్లో చాలావరకు కలకత్తా దమ్‌దమ్‌లో గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా అచ్చు వేసినవి. ఒక వెర్షన్‌కి దమ్‌దమ్ ప్రెస్సింగ్, రెండోదానికి విదేశీ ప్రెస్సింగ్ పెడితే ప్రెస్సింగ్ తేడా కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. రెండూ ఒకచోటివే వెతకండి. దొరక్కపోతే సీడీలకి వెళ్లిపోండి.

కాపీల చెక్‌లిస్ట్:
- రెండు కాపీలూ ఒకే కాలపు రీమాస్టర్‌వేనా?
- పేరులో “మిక్స్” అనే మాట ఉందా? ఉంటే వద్దు.
- ఒకటి మోనో, ఒకటి స్టీరియోనా? అయితే రాసిపెట్టుకోండి (దశ 5లో పని పడుతుంది).
- లైవ్, డెమో, అకౌస్టిక్ కాదుగా?
- లేబుల్ మీది నిడివితో పాటు మీరు స్వయంగా కొలిచిన నిడివి రాశారా?

3. వినే ఏర్పాట్లు

ఖరీదైన సిస్టం అక్కర్లేదు. వైరు ఉన్న మామూలు హెడ్‌ఫోన్ చాలు, కానీ రెండు వెర్షన్లూ దాంతోనే వినాలి. బ్లూటూత్ తప్పదనుకుంటే నాయిస్ క్యాన్సిలేషన్ ఆపేయండి.

యాప్‌లో ఇవి చూసుకోండి:
- ఈక్వలైజర్, బాస్ బూస్ట్: ఆఫ్
- క్రాస్‌ఫేడ్: ఆఫ్. లేదంటే పాట చివర ఫేడ్‌ని యాప్ మింగేస్తుంది.
- డాల్బీ ఆట్మోస్, స్పేషియల్ ఆడియో: ఆఫ్. ఆట్మోస్ అంటే పూర్తిగా వేరే మిక్స్. ఆపిల్ మ్యూజిక్‌లో ఇది మీకు తెలియకుండానే ప్లే అయ్యే అవకాశం ఉంది.
- నాణ్యత: ఉన్నవాటిలో పైది, రెండు పాటలకీ ఒకటే.

రెండు పాటలనీ ఒక ప్లేలిస్ట్‌లో వరసగా పెట్టుకోండి. ఆల్బమ్ పేజీ నుంచి ఒకటి, సంకలనం పేజీ నుంచి ఇంకోటి ప్లే చేస్తే కొన్ని యాప్‌లు వాల్యూమ్‌ని ఆల్బమ్ లెక్కన సర్దుతాయి, రెండూ సమంగా రావు.

4. వాల్యూమ్ సమం చేయండి

ఈ ఒక్క దశ వదిలేస్తే మిగతా శ్రమంతా వృథా. రెండు శబ్దాల్లో కొంచెం గట్టిగా ఉన్నదే మనకి మెరుగ్గా, నిండుగా, స్పష్టంగా అనిపిస్తుంది. తేడా ఒక డెసిబెల్ ఉన్నా సరే, “ఇది గట్టిగా ఉంది” అనిపించదు, “ఇది బాగుంది” అనిపిస్తుంది.

చెవితో చేసే పద్ధతి: రెండు వెర్షన్లలోనూ మార్పు లేని చిన్న భాగం వెతకండి. ‘లెట్ ఇట్ బీ’లో మొదటి చరణం దీనికోసమే పుట్టినట్టుంటుంది. పాల్ మెకార్ట్నీ గొంతు, పియానో, అంతే. ఆ భాగం రెండిట్లోనూ ఒకే ఎత్తులో వినపడేలా వాల్యూమ్ సర్దండి. ఆ తర్వాత ముట్టుకోకండి.

పాట మొత్తాన్ని సగటు చేసి సమం చేయొద్దు. ఒక వెర్షన్‌లో సోలో గట్టిగా ఉంటే సగటు పెరుగుతుంది. దాన్ని తగ్గించబోతే గొంతు కూడా తగ్గిపోతుంది. మారని భాగాన్నే కొలబద్దగా పెట్టుకోవాలి.

ఫైళ్లు చేతిలో ఉంటే (సీడీ నుంచి తీసినవి లేదా కొనుక్కున్న డౌన్‌లోడ్లు) ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ఇదే పని అంకెల్లో చేయొచ్చు. మొదటి చరణం మాత్రం రెండు ఫైళ్లుగా విడిగా కత్తిరించి, “లౌడ్‌నెస్ నార్మలైజేషన్” ఎఫెక్ట్‌తో రెండిటినీ -23 ఎల్‌యుఎఫ్‌ఎస్‌కి (శబ్దం ఎత్తుని కొలిచే ప్రమాణం) తెచ్చి, ఒక్కోదానికి ఎన్ని డెసిబెల్స్ మారాయో చూడండి. అదే మొత్తాన్ని “యాంప్లిఫై”తో పూర్తి పాటకి ఇవ్వండి.

5. వేగం, శ్రుతి, మోనో

వెర్షన్ల మధ్య వేగం తేడా ఉండే పాటలు ఉన్నాయి. కావాలని పెంచినవి కొన్ని, టేపు పొరపాటున అలా అయినవి కొన్ని. ‘లైట్ మై ఫైర్’ ఆల్బమ్ దశాబ్దాల పాటు సుమారు మూడున్నర శాతం నెమ్మదిగా నడిచింది. 2006-07లో వచ్చిన 40 ఏళ్ల పునర్విడుదలలో సరిచేశారు. పాత సీడీ ఒకటి, కొత్తది ఒకటి పెట్టి పోల్చితే శ్రుతి సగం సెమిటోన్ (పక్కపక్క స్వరాల మధ్య దూరం) పైనే జరిగి వినిపిస్తుంది.

చూసుకునే పద్ధతి:
- కీబోర్డ్ లేదా గిటార్ ఉంటే రెండిట్లోనూ మొదటి స్వరం ఏదో చూడండి. ఫోన్ ట్యూనర్ యాప్ అయినా సరే.
- కోతలు లేని ఒకే భాగం (ఉదాహరణకి మొదటి చరణం నుంచి మొదటి కోరస్ చివర దాకా) రెండిట్లో ఎన్ని సెకన్లో కొలవండి.
- వేగం 6 శాతం మారితే శ్రుతి దాదాపు ఒక సెమిటోన్ మారుతుంది. సెకన్ల తేడా, శ్రుతి తేడా ఈ లెక్కకి సరిపోతే అది టేపు వేగం. శ్రుతి మారకుండా వేగం మాత్రమే మారితే అది బహుశా వేరే రికార్డింగ్.

టర్న్‌టేబుల్ వాడేవాళ్లు 33⅓, 45 రెండు వేగాలనీ స్ట్రోబ్ డిస్క్‌తో (వేగం సరిచూసే గీతల పళ్లెం) సరిచూసుకోవాలి. కొన్ని పాత యంత్రాల్లో ఒక వేగం సరిగ్గా ఉండి రెండోది జారుతుంది.

ఇక మోనో, అంటే రెండు చెవుల్లోనూ ఒకటే శబ్దం రావడం. బ్రిటన్‌లో బీటిల్స్ సింగిల్స్ 1969 మధ్య దాకా మోనోలోనే వచ్చాయి. ‘లెట్ ఇట్ బీ’ నాటికి స్టీరియో వచ్చేసింది కాబట్టి ఈ పాటకి ఆ గొడవ లేదు. మీ పాటలో సింగిల్ మోనో, ఆల్బమ్ స్టీరియో అయితే ఫోన్ యాక్సెసిబిలిటీలో “మోనో ఆడియో” ఆన్ చేసి రెండిటినీ ఒకసారి వినండి. అప్పుడు ఎడమ-కుడి తేడా పక్కకి పోయి, వాయిద్యాల మోతాదు తేడా బయటపడుతుంది. ఒక హెచ్చరిక: స్టీరియోని ఇలా మడిస్తే మధ్యలో ఉన్న గొంతు, బేస్ కాస్త ముందుకొస్తాయి. అది అసలు మోనో మిక్స్‌తో సమానం కాదు. ‘రెవల్యూషన్’ మోనో సింగిల్‌లో ఉన్న దూకుడు, దాని స్టీరియో మిక్స్‌ని మడిస్తే రాదు.

6. మొదటి రౌండ్: నిర్మాణం రాసుకోండి

ఇప్పుడు వినడం మొదలు. మొదటి రౌండ్‌లో శబ్దం ఎలా ఉందో పట్టించుకోకండి. ఏ భాగం ఎప్పుడు మొదలైందో మాత్రం రాయండి: ఇంట్రో, చరణం 1, కోరస్, చరణం 2, సోలో, చివరి కోరస్, ముగింపు. పక్కన నిమిషం, సెకను. రెండు వెర్షన్లకి రెండు నిలువు వరసలు.

‘లెట్ ఇట్ బీ’ సింగిల్ 3:50, ఆల్బమ్ 4:03. తేడా 13 సెకన్లు. ఇక్కడ ఒక చిన్న లెక్క చాలా పని చేస్తుంది. సెకన్లని బార్లలోకి మార్చండి. ఈ పాట నిమిషానికి సుమారు 72 తాళాలు. 4 తాళాల బార్ అంటే 3.3 సెకన్లు. 13ని దాంతో భాగిస్తే దాదాపు 4 బార్లు. లెక్క నిండు బార్లకి దగ్గరగా తేలితే ఎక్కడో ఒక ముక్క చేర్చారు లేదా తీశారు అని గట్టి అనుమానం. నిండు బార్లకి రాకపోతే ఫేడ్ తేడానో వేగం తేడానో చూడాలి.

ఆ 4 బార్లు ఎక్కడున్నాయి? మీ రెండు వరసలూ పక్కపక్కన పెడితే చివరి కోరస్ దాకా గుర్తులు దగ్గరదగ్గరగా నడుస్తాయి, అక్కడ విడిపోతాయి. ఆల్బమ్‌లో చివరి కోరస్‌లో, సింగిల్‌లో ఒక్కసారే వచ్చే ఒక పంక్తి రెండుసార్లు వస్తుంది. స్పెక్టర్ ఆ ముక్కని మళ్లీ అతికించి పాటని పొడిగించాడు. చాలామంది ఏళ్ల తరబడి వింటూ కూడా గమనించని విషయం ఇది. వరసలు రాస్తే పది నిమిషాల్లో దొరికిపోతుంది.

కోత దొరికిన చోట మూడు ఆనవాళ్లు వెతకండి: సింబల్ మోత సగంలో తెగిపోవడం, గది ప్రతిధ్వని హఠాత్తుగా మాయమవడం, గాయకుడి శ్వాస వినపడకుండానే మాట మొదలవడం.

7. రెండో రౌండ్: ఒక్కసారికి ఒక్క వాయిద్యం

అన్నీ ఒకేసారి వినబోతే ఏదీ వినలేం. ఒక్కో రౌండ్‌కి ఒక్క వాయిద్యం పెట్టుకోండి. ఒక భాగాన్ని 15-20 సెకన్ల ముక్కగా ఒక వెర్షన్‌లో విని, వెంటనే రెండోదానిలో వినండి. మధ్యలో అర నిమిషం గ్యాప్ వచ్చినా చెవికి జ్ఞాపకం జారిపోతుంది.

నేను వెళ్లే వరస: డ్రమ్స్, బేస్, రిథమ్, లీడ్ గిటార్, వెనక గొంతులు, తర్వాత చేర్చిన వాయిద్యాలు, చివరికి ప్రధాన గొంతు. గొంతుని చివర పెట్టడానికి కారణం, అది ముందు వింటే మనసు మాటల మీదికి పోతుంది.

మన పాటలో ముఖ్యమైన చోట్లు రెండు.

మొదటిది రెండో చరణం. రింగో హై-హ్యాట్ (డ్రమ్స్‌లోని జంట సింబల్స్) మొదలయ్యే చోటు. సింగిల్‌లో అది పొడిగా, ఒక్కో దెబ్బా విడిగా పడుతుంది. ఆల్బమ్‌లో ప్రతి దెబ్బ వెనక దాని నీడ వినిపిస్తుంది. స్పెక్టర్ డిలే (శబ్దాన్ని కాస్త ఆలస్యంగా మళ్లీ వినిపించే ఎఫెక్ట్) వేశాడు. హెడ్‌ఫోన్‌లో వెంటనే తెలుస్తుంది, ఫోన్ స్పీకర్‌లో మాత్రం దొరకదు.

రెండోది సోలో, పాట మధ్యలో. పియానో, ఆర్గన్ కలిసి మెట్లు దిగినట్టు వచ్చే చిన్న భాగం అయిపోగానే జార్జ్ హారిసన్ గిటార్ అందుకుంటుంది. అడుగున ఉన్న బృందం రెండు వెర్షన్లలోనూ ఒకటే, 1969 జనవరి 31న ఆపిల్ స్టూడియోలో వాయించిన టేక్. పైన ఉన్న సోలోలు మాత్రం రెండు వేర్వేరు రోజులవి. సింగిల్‌లోది 1969 ఏప్రిల్ 30న చేర్చింది. తిరుగుతూ మోగే లెస్లీ స్పీకర్ గుండా పంపారు కాబట్టి స్వరాలు కొద్దిగా వణుకుతూ, గుండ్రంగా, ఆర్గన్‌కి చుట్టంలా ఉంటాయి. ఆల్బమ్‌లోది 1970 జనవరి 4న వాయించింది. అంచులు గరుకు, స్వరం మొదలవడమే కొరికినట్టు ఉంటుంది. గొంతుకి దీటుగా ముందుకొచ్చి నిలబడుతుంది.

ఆ భాగాన్నే మళ్లీ వినండి, ఈసారి గిటార్‌ని వదిలేసి వెనకాల ఏముందో చూడండి. అదే జనవరి 4న బ్రాస్, చెల్లోలు కూడా చేర్చారు. సింగిల్‌లో అవి ఉన్నాయా లేవా అన్నట్టుంటాయి. ఆల్బమ్‌లో బాగా ముందుకి తెచ్చారు. చాలామంది “స్పెక్టర్ ఆర్కెస్ట్రా చేర్చాడు” అంటారు. ఈ పాట వరకు అది నిజం కాదు. ఉన్నదాన్నే పెంచాడు.

వినేటప్పుడు రాసుకోవాల్సినవి:
- ఏ వాయిద్యం ఒకదాంట్లో ఉండి రెండోదాంట్లో లేదు?
- రెండిట్లోనూ ఉన్నా వాయించింది వేరేదా, మోతాదు మాత్రమే వేరా?
- ఎడమ, కుడి, మధ్య: ఏది ఎటు జరిగింది?
- గొంతు దగ్గరగా ఉందా, గదిలో దూరంగా ఉందా?
- ముగింపు: ఆగిందా, ఫేడ్ అయిందా, ఏ స్వరం దగ్గర?

“వాయించింది వేరేదా, మోతాదు వేరా” అన్న ప్రశ్న కష్టమైంది. చిట్కా ఏమిటంటే తప్పుల కోసం, వింత అలవాట్ల కోసం వినండి. తడబడ్డ ఒక డ్రమ్ దెబ్బ, పియానోలో ఒక అపస్వరం రెండు వెర్షన్లలోనూ అదే చోట ఉంటే టేక్ ఒకటే.

8. ఆడాసిటీతో నిర్ధారణ

చెవి చెప్పింది నిజమో కాదో చూడటానికే ఈ దశ. ఫైళ్లు లేనివాళ్లు దాటేయొచ్చు. స్ట్రీమింగ్ యాప్‌ల పాటలు ఇందులో తెరుచుకోవు.

1. రెండు ఫైళ్లూ ఒకే ప్రాజెక్ట్‌లో దించండి.
2. బాగా జూమ్ చేసి మొదటి పియానో దెబ్బ రెండిట్లోనూ ఒకే గీత మీదికి వచ్చేలా క్లిప్ జరపండి.
3. ఒక్కో భాగం మొదట్లో కంట్రోల్-బి నొక్కి లేబుల్ పెట్టండి. దశ 6లో రాసిన గుర్తులు సరిపోయాయో లేదో కనపడుతుంది.
4. కోత అనుమానం ఉన్న చోట ట్రాక్‌ని స్పెక్ట్రోగ్రామ్ (శబ్దంలోని మంద్ర, తార స్వరాలని బొమ్మగా చూపేది) దృశ్యానికి మార్చండి. సింబల్ మోత నిలువుగా తెగి ఉంటే కళ్లకే కనిపిస్తుంది.
5. కోత రకం పాటలకి: ఒక ట్రాక్‌ని “ఇన్వర్ట్” (శబ్ద తరంగాన్ని తలకిందులు) చేసి రెండూ కలిపి ప్లే చేయండి. ఒకే మిక్స్, ఒకే డిజిటల్ మాస్టర్ అయితే శబ్దం దాదాపు మాయమవుతుంది, కోత వచ్చిన చోట ఒక్కసారిగా పాట పైకి లేస్తుంది.

అయిదో పని ‘లెట్ ఇట్ బీ’ లాంటి వేరే మిక్స్ మీద పనిచేయదు. మాయం కాకపోతే “వేరే రికార్డింగ్” అని తేల్చేయకండి. టేపుని రెండుసార్లు డిజిటల్‌కి మార్చినప్పుడు వచ్చే అతి చిన్న వేగం తేడా కూడా దీన్ని చెడగొడుతుంది.

గొంతు అడ్డు తీసి వినాలంటే “వోకల్ రిడక్షన్” ఎఫెక్ట్ ఉంది. మధ్యలో ఉన్నవి తగ్గి, పక్కల ఉన్న వాయిద్యాలూ ప్రతిధ్వనీ తేలతాయి. శబ్దం వికారంగానే ఉంటుంది, పని మాత్రం అవుతుంది.

9. చూడకుండా పరీక్ష

సోలో వేరే అని తెలియడానికి పరీక్ష అక్కర్లేదు. “సింగిల్‌లో డ్రమ్స్‌కి పంచ్ ఎక్కువ”, “ఆల్బమ్‌లో గొంతు వెచ్చగా ఉంది” లాంటి మాటలు అనే ముందు మాత్రం ఇది చేయండి.

రెండిట్లోనూ ఒకేలా ఉండే 10 సెకన్ల ముక్క తీసుకోండి. ఇంట్లో ఎవరినైనా పిలిచి, నాణెం ఎగరేసి దాన్నిబట్టి ఏదో ఒకటి ప్లే చేయమనండి. మీరు ఫోన్ చూడకూడదు, వాళ్ల ముఖం కూడా చూడకూడదు. అది ఏ వెర్షనో చెప్పండి, వాళ్లు రాసుకోవాలి. మొత్తం 10 సార్లు.

9 లేదా 10 సరిగ్గా చెప్పారంటే తేడా మీకు నిజంగా వినపడుతోంది. గుడ్డిగా ఊహిస్తే అంత రావడానికి అవకాశం 1 శాతం. 6, 7 వస్తే ఆ వాక్యం కొట్టేయండి. తోడు ఎవరూ లేకపోతే విండోస్‌లో ఫూబార్2000 ప్రోగ్రామ్‌కి ఏబీఎక్స్ అనే చేర్పు ఉంది, ఇదే పని చేస్తుంది.

10. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి మందు

చిన్నప్పటి నుంచి విన్నదే “సరైనది” అనిపించడం. ఇది అందరికీ ఉంటుంది. మందు: అలవాటు లేని వెర్షన్‌ని ఒక వారం పాటు ఒంటరిగా వినండి, ఆ తర్వాతే పోలిక మొదలుపెట్టండి.

యూట్యూబ్‌లో దొరికిన “ఒరిజినల్ సింగిల్” వాడటం. ఎవరో ఎక్కించిన ఫైల్ శ్రుతి, వేగం ఏమయ్యాయో చెప్పలేం. మందు: పాట ఉనికి తెలుసుకోవడానికి చాలు, కొలతలకి వద్దు.

రెండు వెర్షన్లనీ మొదటి నుంచి చివరి దాకా చెరొకసారి విని తీర్పు చెప్పడం. మందు: దశ 7లోని చిన్న ముక్కల పద్ధతి.

ఆల్బమ్ పాటని వరసలోంచి పీకి వినడం. నిర్మాణం చూడటానికి అది ఫర్వాలేదు. తీర్పు ముందు మాత్రం ఆల్బమ్ వెర్షన్‌ని దాని ముందూ వెనకా ఉన్న పాటలతో కలిపి ఒకసారి వినండి. ఒంటరిగా అతిగా అనిపించిన బ్రాస్ అక్కడ సరిపోవచ్చు.

చెవి అలిసిపోయాక కూడా కొనసాగించడం. ముప్పావు గంట దాటాక వచ్చే కొత్త “తేడాల”ని మర్నాడు మళ్లీ సరిచూడండి.

11. నోట్స్ ఎలా రాయాలి

ఒక పేజీ చాలు. పైన రెండు కాపీల పూర్తి వివరం: ఏ విడుదల, ఏ రీమాస్టర్, కొలిచిన నిడివి. కింద మూడు గడులు: నిర్మాణం తేడాలు, వాయిద్యాల తేడాలు, మోతాదు తేడాలు. ప్రతి వాక్యం పక్కన సమయం తప్పనిసరి. “ఆల్బమ్‌లో గిటార్ బాగుంది” అని కాక “ఆల్బమ్, సోలో మొదలు: వేరే సోలో, గరుకు శబ్దం, గొంతంత ఎత్తులో” అని రాయండి. ఎవరైనా తెరిచి సరిచూసుకోగలగాలి.

తీర్పుని విడిగా, చివర రాయండి. అదీ ఒక్క ముక్కలో కాకుండా భాగాల వారీగా. ఈ పాట మీద నాది ఇలా ఉంటుంది: చరణాలకి సింగిల్, హై-హ్యాట్ మీద ఆ డిలే నాకు నచ్చదు. సోలోకి మాత్రం ఆల్బమ్. ముగింపుకి మళ్లీ సింగిల్, అదనపు 4 బార్లు పాటకి ఏమీ కలపలేదు. మీది దీనికి పూర్తిగా తలకిందులైతే, సమయాలతో సహా రాసి ఉంటే, వాదించుకోవడానికి బాగుంటుంది.

ఇంకో వెర్షన్ తగిలితే, ఉదాహరణకి స్పెక్టర్ చేతిపని తీసేసి 2003లో కొత్తగా కూర్చిన ‘లెట్ ఇట్ బీ... నేకెడ్’, దాన్ని పాత పేజీలో ఇరికించకండి. మూడో నిలువు వరస వేసి, దశ 2 నుంచి దానికి మళ్లీ మొదలుపెట్టండి.